వడికీ వేగానికీ మధ్య నేను చిక్కుకున్న చోటు

వేగం అన్న మాట చిన్నప్పటి నుంచీ తెలిసి ఉండటమే, భౌతికశాస్త్రంలోని వేగం నాకు ఆలస్యంగా బోధపడటానికి కారణమైందని అనుకుంటాను. బండి ఎంత వేగంగా పోతోందని మనం అడిగేదాన్ని పాఠ్యపుస్తకం వడి అంటుంది. వేగమన్న పేరును దిశ కూడా కలిసిన రాశికి కేటాయిస్తుంది. వడి అదిశ రాశి, వేగం సదిశ రాశి అని తడుముకోకుండా అప్పజెప్పేవాడినే గానీ, దిశ అనేది జవాబు చివర తగిలించే ముక్క అనే నా నమ్మకం.

పోటీ పరీక్షకు చదివేటప్పుడు ఆ నమ్మకం సడలింది. 400 మీటర్ల ట్రాక్‌ను 80 సెకన్లలో ఒకసారి చుట్టివచ్చిన వ్యక్తి సగటు వడి సెకనుకు 5 మీటర్లు. బయలుదేరిన చోటికే చేరాడు కనుక స్థానభ్రంశం, అంటే మొదటి చోటి నుంచి చివరి చోటికి నేరుగా ఉన్న దూరం, సున్నా. దాన్ని కాలంతో భాగిస్తే వచ్చే సగటు వేగమూ సున్నా. చెమటోడ్చినవాడికి ఇది అన్యాయమే అయినా, ఈ లెక్కతో త్వరగానే రాజీపడ్డాను.

రాజీపడలేనిది బంతి లెక్క. సెకనుకు 9.8 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరిన బంతి, గాలి నిరోధాన్ని వదిలేస్తే, ఒక సెకనులో 4.9 మీటర్ల ఎత్తుకు వెళ్ళి, మరో సెకనులో అదే వడితో చేతికి వస్తుంది. ఈ 2 సెకన్లలో వేగంలో మార్పెంత అని ప్రశ్న. వెళ్ళిందీ వచ్చిందీ 9.8తోనే కదా అని సున్నా రాశాను. సరైన జవాబు కింది దిశలో సెకనుకు 19.6 మీటర్లు.

తప్పెక్కడో తెలియక, అర సెకనుకొకసారి విలువలు వేసి గ్రాఫ్ గీశాను. వడి 9.8 నుంచి సున్నాకు దిగి మళ్ళీ 9.8కి లేచింది, రేఖ నడుమ మడత పడింది. ఆ మడతే నన్ను మోసగించింది: శిఖరం దగ్గర ఏదో జరుగుతుందని, బంతి ఆగుతుంది కనుక త్వరణమూ, అంటే వేగం మారే రేటూ, అక్కడ సున్నా అని నమ్మాను. పై దిశను ధనాత్మకంగా తీసుకుని వేగాన్ని గీస్తే 9.8, 4.9, 0, −4.9, −9.8 అన్నీ ఒకే సరళరేఖ మీద పడ్డాయి. శిఖరం దగ్గర రేఖ వంగనే లేదు, సున్నాను దాటుకుని అదే వాలుతో పోయింది. ఆ వాలే త్వరణం. నిజంగా అది అక్కడ సున్నా అయి నిలిచిపోతే, బంతి గాలిలోనే వేలాడాలి.

అప్పటి నుంచి బస్సు మలుపు తిరిగినప్పుడల్లా స్పీడోమీటర్ వైపు చూడటం అలవాటైంది. ముల్లు గంటకు 36 కిలోమీటర్ల దగ్గర, అంటే సెకనుకు 10 మీటర్ల దగ్గర కదలకుండా ఉన్నా, తూర్పుకు పోతున్న బస్సు ఉత్తరానికి తిరిగేసరికి దాని వేగం వాయవ్య దిశలో సెకనుకు సుమారు 14 మీటర్ల మేర మారిపోయి ఉంటుంది. ముల్లుకు పట్టని ఆ మార్పు, పక్కకు ఒరిగే నా ఒంటికి తెలుస్తుంది.