హాజరులో పిలిచేది ఏ పేరు? విదేశాల నుంచి వచ్చి హైదరాబాద్ బడిలో చేరే పిల్లల సంగతి

అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చేసి, నల్లగండ్లలోనో కొండాపూర్‌లోనో పిల్లల్ని బడిలో వేసిన ఇళ్లలో మొదటి పదిహేను రోజులూ ఒకటే బెంగ: "ఈ కొత్త మేడం మనవాణ్ణి పట్టించుకోవట్లేదేమో." ఆ బెంగను కొట్టిపారేయలేం. అయితే చాలాసార్లు దాని వెనకున్నది టీచర్ స్వభావం కాదు. ఆవిడకు ఎవరూ చెప్పని ఏదో ఒక చిన్న సంగతి.

పేరే తీసుకోండి. పాస్‌పోర్టులో సాయి వెంకట ఆదిత్య, అక్కడి క్లాసులో ఆది. ఇక్కడ హాజరు పట్టీలో మొత్తం పేరు ఎక్కుతుంది, ఒక్కోచోట ఇంటిపేరుతో మొదలై. ముప్పై మంది పిల్లల మధ్య మేడం "సాయి వెంకట" అని పిలుస్తారు, వాడు పలకడు. రెండు రోజులు ఇదే జరిగితే వీడికి ధ్యాస లేదనో, చెవి సరిగ్గా వినబడదనో ఆవిడ అనుకోవడంలో తప్పేముంది? చేరిన రోజే డైరీలో పిలుపు పేరు రాసివ్వండి. ఇంట్లో వారం రోజులు పూర్తి పేరుతో హాజరు ఆట ఆడించండి, "ప్రెజెంట్ మ్యామ్" నోటికి వచ్చేదాకా. టీచర్‌ను పేరు పెట్టి పిలిచే బడి నుంచి వచ్చిన పిల్లలకైతే ఈ "మ్యామ్" ముందే నేర్పాలి. ఇక్కడ పేరు పెట్టి పిలిస్తే పెంకితనం అనుకుంటారు.

భాష దగ్గర పెద్దలు ఎక్కువగా పొరపడతారు. ఇంగ్లీష్ మీడియమే కదా, ఇబ్బందేముంటుందిలే అనుకుంటారు. పాఠం ఇంగ్లీషులోనే జరుగుతుంది. ఆటస్థలం, వ్యాను, చేతులు కడిగించే చోటు మాత్రం తెలుగు, హిందీ కలగలుపు. ఇంట్లో గుంటూరు తెలుగు విన్న పిల్లకు ఆయమ్మ "జర ఆగు", "లొల్లి చెయ్యకు", "గిట్ల రా", "ఏడికి పోతున్నవ్" అంటే తల పైకెత్తి చూస్తుందే తప్ప కదలదు. మాట వినని పిల్ల అన్న ముద్ర అక్కడ పడుతుంది. ఇలాంటి మాటలు పది, పన్నెండు ముందుగా ఇంట్లో ఆడుతూ పాడుతూ చెవిన వేస్తే చాలు. అన్నీ మాట్లాడక్కర్లేదు, అర్థమైతే చాలు.

కొత్త భాషల మధ్య పడ్డ చిన్నపిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు విప్పకుండా వింటూ ఉండిపోవడం మామూలే. ఈ మాట టీచర్‌కు చెప్పి, అందాకా వేలు పెట్టి చూపించినా, తల ఊపినా జవాబుగా తీసుకోమని అడగండి. మరొకటి కూడా అడగాలి. పిల్లవాడి యాస ముద్దుగా ఉందని "ఏదీ, అమెరికా ఇంగ్లీషులో చెప్పు, అందరూ వినండి" అని క్లాసు ముందు నిలబెట్టవద్దని. ప్రేమతోనే చేస్తారు, కాదనం. కానీ ఆ రోజు నుంచి వాడు ఆ క్లాసుకు వింతవాడైపోతాడు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నెలల తరబడి ఒక్క మాటా ఆడక, సైగ కూడా చేయకపోతే మాత్రం ఆగకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి.

ఇక వాష్‌రూమ్. పేపరుకు అలవాటుపడ్డ పిల్లకు పక్కన వేలాడే జెట్ స్ప్రే అర్థం కాదు. గట్టిగా నొక్కితే బట్టలన్నీ తడుస్తాయి. ఆ సిగ్గుతో మర్నాటి నుంచి వెళ్లడమే మానేస్తుంది, వెళ్లకుండా ఉండటానికి నీళ్లు తాగడమూ మానేస్తుంది. మూత్రం బిగబట్టుకుంటే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. సాయంత్రం సంచి తెరవగానే సీసా చూడండి. పొద్దున నింపిన అరలీటరు అలాగే ఉందంటే సమస్య వాష్‌రూమ్ దగ్గరుండొచ్చు. ఇంట్లో జెట్ వాడటం, నేల మీది దొడ్డిలో గొంతుక్కూర్చోవడం నేర్పండి. మొదటి నెల బిగుతు బొత్తాల బదులు ఎలాస్టిక్ నడుము ఉన్న నిక్కరు వేసుకోనిస్తారేమో అడగండి.

డబ్బా అలాగే తిరిగొచ్చినా వెంటనే టీచర్ మీదికి వెళ్లకండి. ఇంట్లో మీ ఎదురుగా ఆ మూత పిల్లచేత తీయించండి. స్టీలు డబ్బా బిగించింది నాన్న చేతులైతే అయిదేళ్ల వేళ్లకు అది రాదు.

టీచర్‌కు ఇచ్చే కాగితం ఒక్క పేజీ మించకూడదు. ఆవిడకు దాన్ని చదివే తీరిక రెండు నిమిషాలు. ఇలా ఉంటే చాలు: "మేడం గారూ, మా బాబును ఆది అంటే పలుకుతాడు. వాష్‌రూమ్ అడగడానికి మొహమాటపడతాడు. పదిన్నరకు ఒకసారి, లంచ్ అయ్యాక ఒకసారి ఆయమ్మతో గుర్తు చేయించగలరు. ఏడిస్తే ఎత్తుకోనక్కర్లేదు, పక్కన కూర్చోబెట్టుకుంటే అయిదు నిమిషాల్లో సర్దుకుంటాడు." అలర్జీ ఉంటే వేరే కాగితం, ఎర్ర అక్షరాలతో. "పల్లీలు పడవు" అని రాస్తే ఇష్టం లేదని అర్థం చేసుకుంటారు. "అలర్జీ ఉంది, తింటే దద్దుర్లు వస్తాయి, ఊపిరాడదు" అని రాయాలి. పక్క డబ్బాలో పల్లీ చట్నీ, పుట్టినరోజు పంచే చాక్లెట్లు, చిక్కీ ఇవన్నీ పేరుపేరునా చెప్పాలి. అక్కడి నుంచి తెచ్చుకున్న ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వెంటనే తొడకు గుచ్చే మందు సూది) ఉంటే గడువు తేదీ చూసుకుని, ఎలా గుచ్చాలో టీచర్‌కూ బడి నర్సుకూ చేసి చూపించండి. అది గుచ్చాక కూడా 108కి ఫోన్ చేయాల్సిందేనని చెప్పండి.

రాత గురించి క్లుప్తంగా: నాలుగు గీతల పుస్తకం, కలిపిరాత, Z అక్షరాన్ని "జీ" కాదు "జెడ్" అనడం, తేదీలో ముందు రోజు తర్వాత నెల. ఎర్ర సిరా ఎక్కువగా కనిపిస్తే, ఈ నెల ఏ ఒక్కటి సరిచేయమంటారో అడిగి అదే చేయించండి. 2018లో చేసిన చట్టం వల్ల తెలంగాణలో ఒకటో తరగతి నుంచి తెలుగు తప్పనిసరి. మూడులో చేరే పిల్లకు తోటివాళ్లు ఒత్తుల దాకా వెళ్లిపోయి ఉంటారు. ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు అక్షరాలు, గుణింతాలు దిద్దించాల్సిందే.

ఇంటి పెద్దలతో ఒక మాట, మర్యాదగానే. "అల్లరి చేశావంటే మీ టీచర్‌కు చెప్తానుండు" అని అమ్మమ్మ, తాతయ్య అలవాటుగా అంటారు. పరిచయమే లేని మనిషిని ఆ మాట బూచిని చేసేస్తుంది. దాని బదులు "మీ మ్యామ్‌కు ఈ బొమ్మ చూపిస్తావా?" అనమనండి.

ఇవన్నీ పద్ధతుల తేడాలు. కొట్టడం, గోడకుర్చీ వేయించడం, అందరి ముందు అవమానించడం ఈ లెక్కలోకి రావు. ఇక్కడ అంతేలే అని సర్దుకోకండి. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్ల మీద చెయ్యెత్తవచ్చని దానర్థం కాదు. పిల్ల చెప్పింది చెప్పినట్టు, తేదీతో రాసుకుని, వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా ముందు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ పని కాకపోతే 1098కి ఫోన్ చేయండి, అది రాత్రీ పగలూ పలికే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు.

పేరెంట్ టీచర్ మీటింగులో మీ వంతుకు దొరికేది అయిదో పదో నిమిషాలు. "ఎలా చదువుతున్నాడండీ" అంటే "బానే ఉన్నాడండీ" అన్న జవాబే వస్తుంది. లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఏ పీరియడ్‌లో నవ్వుతున్నాడు, పిలిస్తే మొదటిసారికే పలుకుతున్నాడా అని అడగండి.