హర్కారాకి జీతం ఇచ్చేదెవరు?

బొబ్బిలి యుద్ధం మీద నవల రాస్తున్నానంటే మా విజయనగరంలో ఎవరూ కథేమిటని అడగలేదు. ఎవరి వైపు రాస్తున్నావని అడిగారు. మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. మావయ్య ఫోన్‌లోనే తేల్చేశాడు: “నువ్వు విజీనారం వోడివి కదేటిరా, ఎలా రాస్తావో మాకు తెల్దేటి?” 1757 జనవరి 24 నాటి తగువు మా రెండు కుటుంబాల్లో పెళ్లి భోజనాల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ తగువులో ఇరుక్కోకుండా రాయాలంటే రెండు కోటలకీ బయట నిలబడ్డ మనిషి కావాలి. అప్పట్లో ఇదంతా శ్రీకాకుళం సర్కారు. దాన్ని చూసే అధికారి ఫౌజుదారు, అతని కచేరీ శ్రీకాకుళంలో ఉండేది. లెక్క ప్రకారం ఫౌజుదారు పైన నిజాం, నిజాం పైన ఢిల్లీ పాదుషా. ఆ కచేరీలో కబుర్లు మోసే ఒక హర్కారాని పుట్టించాను. అతనికి పేరు పెట్టలేదు. వేగువాడికి పేరెందుకు?

మొగలుల వార్తల ఏర్పాటు గురించి చదవడం మొదలుపెట్టాక నవల సంగతే కొన్నాళ్లు మర్చిపోయాను. వాకేనవీసు అని ఒకడుంటాడు, జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపడం అతని ఉద్యోగం. అతనెవరో ఊరందరికీ తెలుసు కాబట్టి అక్కడి అధికారి అతన్ని తేలిగ్గా లోబరుచుకుంటాడు. అతని మీద నిఘాకి సవానిహ్‌నిగారు. ఎవరికీ తెలియకుండా రాయడానికి ఖుఫియానవీసు. వీళ్లు కాక హర్కారాలు. ఔరంగజేబు కాలంలో ఈ కబుర్లన్నీ రాత్రి తొమ్మిది ప్రాంతంలో అంతఃపురం ఆడవాళ్లు పాదుషాకి చదివి వినిపించేవారని ఇటలీ యాత్రికుడు మనూచీ రాశాడు. ఔరంగజేబు 1707లో పోయాడు. తర్వాత రాసేవాళ్లు మిగిలారు గానీ అంత శ్రద్ధగా వినే పాదుషా రాలేదు. బొబ్బిలి కోట కాలిన నాలుగో రోజుకి, అంటే జనవరి 28న, అఫ్గాన్ పాలకుడు అబ్దాలీ ఢిల్లీలో అడుగుపెట్టాడు. ఆ వారం ఇక్కణ్ణించి వెళ్లిన ఉత్తరం ఎవరు విప్పి ఉంటారు? ఈ రెండు తేదీలూ పక్కపక్కన కనిపించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మోసం సంగతి. గూఢచారి కథంటే మారువేషాలు, సొరంగాలు, విషం పూసిన కత్తులు ఉండాలని చాలామంది అనుకుంటారు. నాకు ఆ సరదా లేదు. నాకు కావలసింది జీతం లెక్క. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా నాలుగు సర్కార్లని ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసం ఆ సైన్యాధిపతి బుస్సీకి రాసిచ్చేశాడు. ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ అది ఒప్పుకోక నాగపూర్ మరాఠాలని పిలిచాడు. బుస్సీ పెట్టిన ఇబ్రహీం ఖాన్ కొన్నాళ్లకి బుస్సీకే ఎదురుతిరిగాడు. నాలుగేళ్లలో ఇంతమంది యజమానులు మారితే కింద పనిచేసే హర్కారాకి జీతం ఎవరివ్వాలి? ఎవరూ ఇవ్వరు. పాత బాకీ కొత్తవాడికి పట్టదు. ఆ బాకీ దగ్గరే అతను రెండో చోట కబురు అమ్మడం మొదలుపెడతాడు, తర్వాత మూడో చోట. ద్రోహం చేస్తున్నానని అతననుకోడు, ఇల్లు గడుపుకుంటున్నానని అనుకుంటాడు.

కథకి మలుపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన చరిత్రలో దొరికింది. బొబ్బిలి వదిలేస్తే వేరే చోట ఇంకా పెద్ద భూములిస్తానని బుస్సీ బొబ్బిలి రాజు రంగారావుకి ఆశపెట్టాడు, ఆయన లొంగలేదు. తర్వాత బొబ్బిలి అడవి గుండా వెళ్తున్న ఫ్రెంచి సిపాయిల మీద దాడి జరిగింది, ముప్పై మంది దాకా చచ్చిపోయారు. అది రంగారావు మనుషుల పనా, నేరం ఆయన మీదకి నెట్టడానికి విజయనగరం రాజు విజయరామరాజు పన్నిన పన్నాగమా? అనుమానం రెండు వైపులా ఉంది. నా హర్కారా ఆ దాడి కళ్లారా చూస్తాడు. దాని మీద మూడు ఉత్తరాలు రాస్తాడు: శ్రీకాకుళం కచేరీకి ఒకటి, బుస్సీ దివాను హైదర్ జంగ్‌కి ఒకటి, విజయనగరానికి ఒకటి. ఏ ఉత్తరంలోనూ పచ్చి అబద్ధం ఉండదు. ఒకదాంట్లో దాడి ఏ వైపు నుంచి వచ్చిందో ఉండదు, ఒకదాంట్లో ఏ పొద్దులో జరిగిందో ఉండదు, మూడోదాంట్లో తను అక్కడే ఉన్న సంగతి ఉండదు. నవలంతటిలో ఎక్కువ చెమట పట్టించినవి ఆ కొద్ది పేజీలే. అధ్యాయాల మధ్య వాటిని విడివిడిగా దాచాను. పాఠకుడు మూడూ కలుపుకుని చదివితే నిజం బయటపడాలి, ఏ ఒక్కటి చదివినా పడకూడదు.

సంక్రాంతి వెళ్లాక శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా బొబ్బిలికి బస్సులో వెళ్లాను. యుద్ధం కూడా ఆ రోజుల్లోనే జరిగింది కదా. కోతలైపోయి చేలు ఖాళీగా ఉంటాయి, ఎవరైనా పరిగెడితే అల్లంత దూరానికే కనిపిస్తాడు. అందుకని నా హర్కారా ప్రయాణాలన్నీ రాత్రికి మార్చాను.

రాతప్రతి మా మేష్టారికి ఇచ్చాను. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఒకటే అడిగారు: “వీడెవడి మనిషో చివరిదాకా చెప్పలేదేటి బావు?”

“వాడికే తెలీదు మేష్టారూ.”

“పెళ్లానికి తెలియాలి కదా. డబ్బు దాచేది ఆవిడే.”

అక్కడ నాకు ఆ పాత్ర దొరికింది. అప్పటిదాకా హర్కారా భార్య అన్నం వడ్డించడానికే వచ్చేది. ఇప్పుడు కుండలో నాణేలు లెక్కపెడుతుంది. రూపాయిలు వచ్చిన నెల ఎవరి పనో, వరహాలు వచ్చిన నెల ఎవరి పనో ఆవిడకి తెలుసు. ఏమీ రాని నెల ఎవరిదో ఇంకా బాగా తెలుసు.

గొడవ వచ్చింది యుద్ధం తర్వాత మూడో రాత్రి దగ్గర. తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపిన రాత్రి అది. నా కథలో చీకట్లో పాకుతూ వస్తున్న మనుషుల్ని హర్కారా చూస్తాడు. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యడు. విజయనగరం ముత్సద్దీ అతనికి మూడు నెలలు బాకీ. ఇదంతా నా కల్పనేనని ముందుమాటలో రాసినా మా ఊళ్లో కొందరు మొహం ముడుచుకున్నారు. “మన రాజు చావుకి జీతం బాకీ కారణమంటావా?” అని. మావయ్యకీ నచ్చలేదు. పాపారాయుడి సాహసం తగ్గించానట! రెండు ఊళ్లూ కలిసి తిట్టడంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ప్రచురణ గురించి చెప్పేదేం లేదు. పోటీకి పంపాను, బహుమతి రాలేదు. సొంత డబ్బుతో వేసుకున్నాను.

ఇప్పుడు రెండో భాగం నడుస్తోంది. విజయరామరాజు తర్వాత ఆనందగజపతి ఫ్రెంచివాళ్లని వదిలేసి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర యుద్ధం. ఇంగ్లీషు వైపు సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. వాళ్లనే తెల్లవాళ్ల పటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు మీద పడ్డారు. అసలు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. ఆ కోట్ల సంగతి నా హర్కారాకి ముందే తెలుసు. ఫ్రెంచివాళ్లకి చెప్పాలా వద్దా అన్న అధ్యాయం దగ్గర ఉన్నాను. వాళ్ల దగ్గరా అతనికి బాకీ ఉంది.