పూత లేదు, అంతా చిగురే

సంక్రాంతికి బంగారుపాళ్యం దగ్గర మా ఊరికి పోతే, తోటలో తోతాపురి మామిడి చెట్లు సగం ఎర్రటి లేతచిగురుతో నిలబడి ఉన్నాయి. "చలి పడితే కదరా పూత వచ్చేది" అన్నాడు నాయన. మామిడి పూతకు రాత్రిళ్లు చల్లగా ఉండాలి, డిసెంబరంతా ముసురు పట్టి వెచ్చగా ఉంటే చెట్టు ఆకులే వేసుకుంటుంది. వచ్చిన కాస్త పూతకూ రసం పీల్చి జిగురు కార్చే తేనెమంచు పురుగే, కొమ్మ కింద నిలబడితే నా చొక్కాకు జిగురు అంటుకుంది.

శనక్కాయ వేసే మిట్టచేనులో మాత్రం నాయన పోయిన ఎండాకాలం వాన పడకముందే అలసంద, పెసర, జొన్న, సజ్జ కలిపి నవధాన్యాలు చల్లాడు, వాన పడేదాకా పాడుకాకుండా విత్తనాలకు బంకమట్టీ బూడిదా పట్టించి. మాడిపోతాయిలే అని అప్పుడు నవ్వింది నేనే. ఇప్పుడు అక్కడ కప్పిన గడ్డి తీసి వేలు పెడితే, కింద తడి, ఒక వానపాము! ఇంకో ఎకరాకు విత్తనాలు చూడమన్నాడు. మామిడి సంగతి ఎత్తితే మాట మార్చేశాడు.