ఓడెక్కినా ఒళ్లు చేయకుండా

సెలవుకి కావలి వచ్చినప్పుడల్లా నాకు ఒక పని తగులుకుంటుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో అమ్మానాన్నలకి టిక్కెట్లు తీసి, "అక్కడికొచ్చాక ఫ్లోరిడా నుంచి ఒక వారం ఓడలో తిప్పుతాం" అని చెప్పి ఉంటారు. ఇక్కడ ట్రంకు రోడ్డు మీద వాళ్లు నన్ను పట్టుకుంటారు. "అబ్బయ్యా, నువ్వు చేసేది ఆ ఓడల్లోనే కదా? అక్కడ ఒకటే తిండంట. నాకు షుగరు. మీ పిన్నికి మోకాళ్లు. ఎట్టా?"

నేను విహార నౌకలో కుక్‌ని. పొద్దున ఆమ్లెట్ల కౌంటరు, మధ్యాహ్నం బఫే. తినేవాళ్ల ప్లేట్లకి ఎదురుగా నిలబడే ఉద్యోగం. అక్కడి నుంచి చూస్తే మనవాళ్లలో చాలామందికి ఆకలితో సంబంధం ఉండదు. "డబ్బులు కట్టేశాం కదా" అనే లెక్క ఒకటి బుర్రలో తిరుగుతుంటుంది. గదీ, డైనింగ్ రూమూ, బఫే, రాత్రి ఆటపాటలూ అన్నీ టిక్కెట్టులోనే కలిసి ఉంటాయి. అంతవరకు నిజమే. కానీ ఇంకో రెండు కేకు ముక్కలు తిన్నంత మాత్రాన కట్టిన డాలర్లలో ఒక్కటీ వెనక్కి రాదు.

ఓడ కట్టిన తీరు కూడా అట్టాగే ఉంటుంది. చాలా ఓడల్లో బఫే పైడెక్కులో, స్విమ్మింగ్ పూల్ పక్కనే. సముద్రం చూద్దామని పైకెళ్లినా, మనవణ్ణి నీళ్లలో దించుదామని వెళ్లినా దారి తిండి మధ్య నుంచే. ఆ పక్కనే ఐస్‌క్రీం మిషను. మీట నొక్కితే కోను నిండుతుంది, అడిగేవాడుండడు. పెళ్లి భోజనంలోనైనా ఒక పంక్తికి ఒక్కసారే కూర్చుంటాం, ఆకు మడిస్తే అయిపోతుంది. ఇక్కడ ఆకు మడిచేది ఎవరు?

మా ఆమ్లెట్ కౌంటరు సంగతి చెప్తా. ఆరేడు పాన్లు వరసగా కాలుతుంటాయి. పక్కన డబ్బాలో నూనె, అందులో చిన్న గరిటె. గుడ్ల సొన పెట్టెల్లోనే వస్తుంది, పోసుకోవడమే. క్యూ పెరిగేకొద్దీ మా చెయ్యి నూనె దగ్గర ధారాళంగా ఆడుతుంది, ఎందుకంటే అంటుకుంటే మాకే ఆలస్యం. పెద్ద చెంచాడు నూనె అంటే సుమారు 120 క్యాలరీలు. "నూనె తగ్గించండి" అని ముందే అంటే పాన్ తుడిచి వేస్తాం. దానికి మేమేమీ అనుకోం. అడగరు, అదీ బాధ.

ఒకసారి మన వైపు పెద్దావిడ వచ్చింది, నుదుట ఇంత బొట్టు. హిందీలో కష్టపడుతుంటే నేనే "ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమంటారా అమ్మా?" అన్నాను. ఇక చూడాలి ఆ మొహం! ఏ ఊరు, ఎవరి పిల్లాడివి, పెళ్లయిందా... వెనక క్యూ అంతా ఆగిపోయింది. పచ్చిమిరపకాయలు దండిగా వేయించుకుని, "నాకు షుగరు నాయనా, ఓడెక్కినప్పటి నుంచి అన్నం ముట్టలా" అంది. ఆవిడ ట్రేలో రెండు మఫిన్లు, పెద్ద గ్లాసుడు ఆరెంజ్ జ్యూసు. అన్నం మీద మనకున్న అనుమానం జ్యూసు మీద ఉండదు. నా లెక్కలో ఆవిడ ఆ రెండూ పక్కన పెట్టి, కప్పుడు అన్నం, పప్పు తిని ఉంటే నయం.

తాగేవాటి మీదే మొదట కన్నేసి ఉంచాలి. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది, దగ్గర దగ్గర పది చెంచాలు. తాగేవాటికి ముందే ఒకేసారి డబ్బులు కట్టే డ్రింక్స్ ప్యాకేజీ కొన్నారంటే మళ్లీ అదే లెక్క మొదలవుతుంది. రోజుకి ఇన్ని తాగితేగానీ గిట్టుబాటు కాదని మామగారూ అల్లుడూ పోటీ పడి, కొబ్బరి క్రీమూ రమ్మూ కలిపిన పినాకొలాడాలు లాగిస్తుంటారు. మంచినీళ్లు, చక్కెర లేని టీ ఉచితంగానే దొరుకుతాయి. వాటి దగ్గర క్యూ ఉండదు.

బఫేలో నా సలహా ఒకటే. ముందు చేతిలో ప్లేటు లేకుండా చివరి దాకా ఒక చుట్టు తిరిగి రండి. కావాల్సిన రెండు మూడు మనసులో అనుకుని అప్పుడు ప్లేటు తీసుకోండి. మొదట కనపడ్డ రొట్టెలతోనే ప్లేటు నింపేవాళ్లు, అసలు వంటకం కనపడ్డాక దాన్ని రొట్టెల మీద గుట్టగా పోసుకుంటారు. ఇండియన్ సెక్షన్ అని కూడా నమ్మొద్దు. పనీర్ కూరలో మేం పోసే క్రీమూ వెన్నా మీ ఇంట్లో ఎవరూ పొయ్యరు.

రాత్రి పూట మాత్రం బఫే మాని డైనింగ్ రూముకి వెళ్లమంటాను. అక్కడ వడ్డించే పరిమాణం చిన్నది, ఒకదాని తర్వాత ఒకటి రావడానికి గంట పైనే పడుతుంది, ఈలోగా కడుపుకి సంగతి తెలుస్తుంది. సాసు విడిగా తెమ్మనొచ్చు. పెద్ద వంటకం వద్దని రెండు స్టార్టర్లతో సరిపెట్టుకోవచ్చు. ముగ్గురికి ఒక స్వీటు చెప్పినా వెయిటర్ నవ్వుతూనే తెస్తాడు.

నడక సంగతి. ఓడ రేవులో ఆగిన రోజు జనం దిగి తిరుగుతారు, తిండి తక్కువ. రోజంతా సముద్రం మీదే ఉండే సీ డే వచ్చిందంటే మా పొయ్యిలకి విశ్రాంతి ఉండదు, ఎందుకంటే పొద్దుపోవడానికి తినడం తప్ప పని కనపడదు. ఆ రోజే నడవాలి. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడ పొడవు 365 మీటర్లు. ఆ చివరికీ ఈ చివరికీ ఒక్కసారి వెళ్లొస్తే ముప్పావు కిలోమీటరు. మోకాళ్లు బాగున్నవాళ్లు లిఫ్టు కోసం నిలబడకుండా మెట్లెక్కితే సమయం కూడా కలిసొస్తుంది.

మరి మా సంగతి? పని చేసేవాళ్లు చిక్కిపోతారని అనుకుంటారు. గదులు సర్దే కందుకూరు కుర్రాడు నిజంగానే చిక్కిపోయాడు, రోజంతా పరుపులు ఎత్తి దించడమే కదా. వంటవాళ్లం మాత్రం ఉబ్బుతాం. కాంట్రాక్టు నెలలన్నీ వారాంతపు సెలవనేది లేదు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి, దాన్ని రెండు ముక్కలుగా ఇవ్వొచ్చు. అందుకని నిద్రా ముక్కలే, తిండీ ముక్కలే. అర్ధరాత్రి షిఫ్ట్ దిగి కింద మెస్‌కి వెళ్తే అన్నం పొగలు కక్కుతుంటుంది. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా తనిఖీ దాటి లోపలికొచ్చిందా, ఇక ఎంత అన్నం పోయిందో తెలీదు, తిని నేరుగా మంచం ఎక్కడమే. కానీ ప్రతి కాంట్రాక్టుకి ముందు మెడికల్ ఉంటుంది. బరువు, బీపీ, షుగరు చూసి ఫిట్ అని రాస్తేనే ఓడ. మీకు అది ప్యాంటు బిగుతయ్యే సమస్య, మాకు జీతం ఆగే సమస్య. అందుకే ఆవకాయ ఇప్పుడు మధ్యాహ్నానికి మార్చాను.

షుగరున్నవాళ్లు ఇంకో మాట వినండి. మందులు పెద్ద పెట్టెలో పెట్టొద్దు. రేవులో సిబ్బంది పెట్టెలు తీసుకుంటే అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. చేతి సంచీలోనే ఉంచుకోండి. బరువు పెరుగుతుందన్న భయంతో మాత్ర వేసుకుని భోజనం ఎగ్గొట్టడం అంతకన్నా ప్రమాదం, కొన్ని మాత్రలకి చక్కెర పడిపోవచ్చు. బయల్దేరే ముందు ఇక్కడి మీ డాక్టర్నే అడిగి వెళ్లండి. ఓడ డాక్టరు ఫీజు డాలర్లలో ఉంటుంది.

పోయిన సెలవులో మా బాబాయి ఓడ దిగి వచ్చీ రాగానే మందుల షాపులో మిషనెక్కి, మూడు కిలోలు పెరిగానని బెంగ పెట్టుకున్నాడు. కూర్చోబెట్టి లెక్క చెప్పాను. కిలో కొవ్వు పట్టాలంటే సుమారు 7,700 క్యాలరీలు అదనంగా తినాలి. మూడు కిలోలంటే వారం పాటు రోజుకి 3,300, అదీ మామూలు తిండికి పైన. అంత తినిపించడం మా బఫే వల్ల కూడా కాదు. ఉప్పు ఎక్కువైన తిండికీ పిండి పదార్థాలకీ ఒంట్లో నీరు నిలుస్తుంది, ఇంటి తిండి మొదలయ్యాక అది పోతుంది, వారం ఆగి మళ్లీ చూసుకో అన్నాను.

"అట్టయితే ఇది నీరేనంటావు?"

"చాలా వరకు."

"అయితే రేపు చేపల పులుసుకి రారా" అన్నాడు. లోపలి నుంచి పిన్ని, "ఉప్పు తగ్గించే చేస్తాలే, నీళ్లమనిషికి!" అంది.