సిలికాన్ వెలుగు: పగిలిన సెల్ చూపించినది

సోలార్ సెల్‌కు ఎండకు బదులు కరెంటు ఇస్తే అందులోని సిలికానే మసకగా వెలుగుతుంది. అలా పగిలిన సోలార్ సెల్ ముక్క ఎట్టకేలకు ఫొటోలో వెలిగింది. అయిదు సెంటీమీటర్ల చదరపు ముక్క, విశాఖ డాబాగార్డెన్స్‌లో పాత విడిభాగాల కొట్లో దొరికింది. పవర్ సప్లై పాజిటివ్‌ను సెల్ పాజిటివ్‌కే కలిపి 0.9 యాంపు పంపాను. మంచి ఎండలో ఈ ముక్క ఇచ్చే కరెంటు దాదాపు అంతే. వోల్టేజీ 0.6 దాటగానే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే కట్టడి చేయాల్సింది కరెంటునే.

ఈ వెలుగు కంటికి కనిపించదు. అది పరారుణం, దాని తీవ్రత శిఖరం 1150 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. వెబ్‌క్యామ్ సెన్సర్ కూడా సిలికానే కనుక 1100 దగ్గరే దాని చూపు మందగిస్తుంది. కెమెరాకు చిక్కేది ఆ వెలుగులో 1100 లోపు ఉన్న కొద్ది భాగమే. లెన్స్ వెనుక పరారుణ కిరణాలను ఆపే గాజుబిళ్లను తీసేసి, బాగా వెలుగు తగిలించి కడిగించిన కలర్ నెగటివ్ ముక్కలు రెండు పెట్టాను, అవి మామూలు వెలుగును ఆపి పరారుణాన్ని వదులుతాయి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ వద్దు, అందులోని వెండి పరారుణాన్నీ ఆపేస్తుంది.

అసలు తిప్పలన్నీ ఉక్కతోనే. సెన్సర్ వేడెక్కితే బొమ్మ నిండా చుక్కలు. ఐసు పెడితే విశాఖ గాలికి క్షణాల్లో లెన్స్ మీద నీరు. చివరికి కెమెరాను, సెల్‌ను తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఒకే రేకు డబ్బాలో బిగించి, బయటి నుంచి చల్లబరిచాను. కరెంటు ఆపి తీసిన ఫ్రేముల సగటును వెలిగినప్పటి సగటులోంచి తీసేస్తే బొమ్మ తేలింది.

మూలన నల్లని త్రికోణం: పగులుతో వెండి గీతలు తెగి అక్కడికి కరెంటే అందడం లేదు. పగులు పొడవునా ఉన్న సన్నని నల్ల అంచు సంగతి వేరు. కరెంటు అందుతున్నా అక్కడ ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు) కలిసి కాంతికి బదులు వేడిని ఇస్తున్నాయి. నన్ను కట్టిపడేసింది ఆ అంచే, ఎందుకంటే లోపాలన్నీ ఇలా వెలుగును మింగవు. 2001లో బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం పరిశోధకులు సిలికాన్‌లోకి బోరాన్ అయాన్లను (విద్యుదావేశం ఉన్న పరమాణువులను) వేగంగా పంపి, 1000 డిగ్రీల దగ్గర కాల్చి, గది ఉష్ణోగ్రతలోనే బాగా వెలిగే డయోడ్ చేశారు. స్ఫటికంలో ఏర్పడిన వలయాకారపు లోపాల చుట్టూ ఉండే ఒత్తిడి ఎలక్ట్రాన్లను వెలుగు వేడిగా పోయే చెడ్డచోట్లకు పోనివ్వదని వారి వివరణ. సిలికాన్‌లోకి సిలికాన్ అయాన్లనే పంపి మితంగా కాలిస్తే అది ఇచ్చే వెలుగు వర్ణపటంలో 1218 నానోమీటర్ల దగ్గర సన్నని గీత వస్తుంది. అది స్పష్టంగా కనిపించాలంటే నమూనాను బాగా చల్లబరచాలి. కాల్చేటప్పుడు వేడి మించితే ఆ గీతనిచ్చే లోపమే చెదిరిపోతుంది.

అయాన్లను పంపడం ఇంట్లో అయ్యే పని కాదు, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వంటి చోట్లే సాధ్యం. పైగా 1218 నా వెబ్‌క్యామ్‌కు అందదు. అందుకే అంత దూరపు పరారుణాన్నీ పట్టే కాంతి సెన్సర్, ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఫొటోడయోడ్ తెప్పిస్తున్నాను. ఫైబర్ కేబుల్ వేసేవారి పవర్ మీటర్లలో సాధారణంగా ఉండేది ఇదే. ముందు ఈ సెల్ మీదే సరిచూస్తాను. కరెంటును సెకనుకు 275 సార్లు ఆపి వదులుతూ ఆ లయలో వచ్చే సంకేతాన్నే ఏరుకుంటే, 50 హెర్ట్జ్ గుణిజాల్లో వచ్చే ఇంటి కరెంటు రొద పక్కకు పోతుంది.