కుడి లీడ్ మూడో అంగకే విరుగుతోంది

గుర్రం వీపు నొప్పి తగ్గింది. వెన్ను మీద వేళ్లతో నొక్కుతూ పోతే ఇప్పుడు కుంగిపోవడం లేదు, తోక ఝాడించడం లేదు. ఎడమ కాంటర్ (మూడు తాళాల మెల్లటి పరుగు) శుభ్రంగా వస్తోంది. కుడి లీడ్, అంటే కుడి పక్క కాళ్లు ముందు పడే కాంటర్, మాత్రం మూడో అంగకో నాలుగో అంగకో విరిగిపోతోంది: ముందు కాళ్లు కుడి లీడ్‌లోనే ఉంటాయి, వెనక కాళ్లు ఎడమకు మారిపోతాయి. చూస్తుంటే చిరాకేస్తోంది.

గుర్రం రేసులు మానేసి జంపింగ్‌కి వచ్చిన థరోబ్రెడ్. హైదరాబాదులో ఇలాంటివి చాలా ఉన్నాయి, ఈ జాతిలో కిస్సింగ్ స్పైన్స్ (వెన్నుపూసల ముళ్లు ఒకదానికొకటి తగిలే జబ్బు) కూడా ఎక్కువే. ఎక్స్‌రేలో వీపు 15, 16, 17 పూసల ముళ్లు ఒకదానికొకటి ఆనుకున్నాయి, అంచుల్లో ఎముక గట్టిపడి తెల్లగా కనిపిస్తోంది. సరిగ్గా జీను కూర్చునే చోటే. అయితే ఎక్స్‌రే ఎంత భయంకరంగా ఉంటే నొప్పి అంత ఎక్కువని కాదు. ఇంతకన్నా ఘోరమైన ఫిల్ముతో హాయిగా దూకే గుర్రాలున్నాయి. అందుకే లిగమెంట్ కోసే ఆపరేషన్ జోలికి పోకుండా, ముళ్ల మధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ తర్వాత కండ పెంచే పని. ఇంజెక్షన్ పని నొప్పి లేని కొన్ని వారాలు ఇవ్వడం వరకే. ఆలోగా పొట్ట కండలు, వెన్ను పక్క కండలు లేవకపోతే మళ్లీ మొదటికే.

క్యారెట్ సాగదీతలు బాగా సాగుతున్నాయి: గడ్డం ఛాతీకి, ముందు మోకాళ్ల మధ్యకి, రెండు పక్కలా తుంటికి, ఒక్కోటి 5 సార్లు, 5 సెకన్ల పట్టు. నేల మీద కర్రలు నడకకి 85 సెం.మీ., ట్రాట్‌కి (రెండు తాళాల పరుగు) 1.3 మీటర్ల దూరంలో. పేచీ లేదు.

ఇక కుడి కాంటర్. 20 మీటర్ల వలయంలో తాడు మీద తిప్పితే, ఒంటి మీద ఏమీ లేనప్పుడు విరగలేదు. మందపాటి ప్యాడ్, దాని మీద నడుం పట్టీ కట్టినా విరగలేదు. జీను వేసి, మనిషి ఎక్కకుండా తిప్పితే విరిగింది. గర్త్ (జీనును బిగించే పొట్ట కింది పట్టీ) ఒక రంధ్రం వదులు చేసినా అంతే. అంటే అనుమానం ముందు జీను మీదకే పోవాలి.

చివరి పక్కటెముకను పైకి తడుముకుంటూ పోతే 18వ పూస దొరుకుతుంది. భుజం ఎముక వెనక అంచు నుంచి అక్కడికి 41 సెం.మీ. జీను ప్యానెల్ (వీపు మీద ఆనే మెత్త) 44. చివరి 3 సెం.మీ. బరువు మోయకూడని నడుము మీద పడుతోంది. రెండు ప్యానెళ్ల మధ్య గాడి ముందు 7.5 సెం.మీ. ఉంటే వెనక 4.5కి ఇరుకైపోయింది, అక్కడ ప్యానెల్ లోపలి అంచు ముళ్ల పక్కనే తాకుతోంది. ఈ గుర్రానికి గాడి పొడవునా కనీసం 7 కావాలి. కుడి కాంటర్‌లో కుడి వెనక కాలు ముందుకు దూరినప్పుడు వీపు అటు పైకి లేవాలి, సరిగ్గా అప్పుడే కుడి ప్యానెల్ వెనక కొస గుచ్చుకుంటోంది. కాలు దూర్చకుండా తప్పించుకోవడానికి లీడ్ మార్చేస్తోందని ఊహ. చెమట మచ్చ కూడా దీనికి తగ్గట్టే ఉంది: కుడి వెనక అరచేయంత చోటు ఒత్తిడికి పొడిగా మిగిలింది.

మూపు మీద ఖాళీ కోసం ముందు షిమ్‌లు (ప్యాడ్‌లో దూర్చే పలుచటి పొరలు) పెడితే ఇంకా చెడింది. ముందు 1 సెం.మీ. లేస్తే జీను వెనక్కి వాలి బరువంతా అదే చోట పడుతుంది. దళసరి జెల్ ప్యాడ్ వేస్తే గాడి మరింత ఇరుకు. ఇరుకు జీనుకి ప్యాడ్ వేయడం బిగుతు చెప్పులోకి రెండు జతల సాక్సు తొడగడమే. షిమ్ ప్యాడ్లలో ప్రోలైట్ మంచిదే, కానీ ఏ ప్యాడూ గాడిని వెడల్పు చేయదు. ఫోమ్ ప్యానెళ్ల కన్నా ఊలు నింపినవే మేలు, విప్పి సరిచేయొచ్చు. కాన్పూరులో ఊలు నింపేవాళ్లున్నారు.

రెండో అనుమానం సాక్రో ఇలియాక్, అంటే వెన్ను కటి ఎముకతో కలిసే కీలు. వెనక కాలి సన్నటి కుంటు కూడా జీనును ఒక పక్కకి జార్చి ఇలాగే లీడ్ విరగ్గొడుతుంది. ఈ పరీక్షల్లో బ్యూట్ (ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు) ఇవ్వకూడదు, నొప్పి దాగిపోతుంది. ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య) పోటీల్లో దాని డిటెక్షన్ టైమ్, అంటే మందు ఒంట్లో దొరికే గడువు, 168 గంటలు, ఆ లెక్క కూడా వేసుకోవాలి.

పెస్సోవా (వెనక కాళ్ల చుట్టూ తిప్పి నోటి దాకా కట్టే తాళ్లు, కప్పీల సాధనం) కడదామని సలహాలొస్తున్నాయి. విరుగుతున్న కాంటర్ మీద అది వద్దు, వెనక్కి లాగే ప్రతి తాడూ నడుము మీదే పడుతుంది. నడక, ట్రాట్‌లో ఈక్విబ్యాండ్ (సాగే పట్టీల జత) చాలు, పొట్ట కింద పట్టీ మెత్తగా గుర్తుచేస్తుంది.

తర్వాత పని: 17 అంగుళాల పొట్టి ప్యానెల్ జీను అరువు తెచ్చి అదే వలయం, అదే వైపు, మనిషి లేకుండా. 20 అంగలు కలిసి వస్తే అప్పుడే సవారీ, ముందు 60 సెం.మీ. క్రాస్‌లు (ఎక్స్ ఆకారంలో పెట్టిన కర్రలు), తర్వాత 80. అప్పటికీ విరిగితే జీను వదిలేసి సాక్రో ఇలియాక్ అల్ట్రాసౌండ్‌కి. 1.10 మీటర్ల క్లాసు ఎంట్రీ ఈ సీజన్‌కి పక్కన పెట్టాం.