చెల్లని పెళ్లిని స్పానిష్‌లో ఏమంటారు? నా అనుభవం

మూడోసారికి నా పెళ్లి ఫైలు తీసుకున్నారు. ఇంటికొచ్చి అన్నం కూడా వండుకోకుండా ఇది రాస్తున్నాను. కోపం చల్లారితే మరీ మర్యాదగా రాసేస్తానేమోనని.

ఉండేది స్పెయిన్‌లో. ఇక్కడే ఒకతనితో పెళ్లి కుదిరింది. అంతకుముందు మన దగ్గర ఒక పెళ్లి జరిగింది. ఆ పెళ్లిని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేసింది. అవతలివాళ్లు ఒక సంగతి దాచి చేశారు. ఏం దాచారో ఇక్కడ రాయను. మోసం తెలిసిన ఏడాదిలోపు కేసు వేయాలి. వేశాను, గెలిచాను. అది విడాకులు కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

డిక్రీ, అంటే కోర్టు తీర్పు, సర్టిఫైడ్ కాపీ నాన్న తెచ్చారు. అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా సులువుగానే అయింది. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, స్పెయిన్ కూడా ఉంది, కాబట్టి ఎంబసీ చుట్టూ తిరిగే పని లేదు.

ఇక అనువాదం. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీవాడు "ఏ దేశంలోనైనా చెల్లుతుంది మేడం, గ్యారంటీ" అన్నాడు. డబ్బు కట్టాను. రెండు వారాల్లో పన్నెండు పేజీలు, గుండ్రటి ముద్రతో సహా వచ్చాయి. నాకు స్పానిష్ బాగానే వచ్చు, ఇంటి ఓనరుతో గొడవపడి గెలిచినదాన్ని. అయినా ఆ పేజీలు చదవలేదు. ఆ తీర్పు మళ్లీ చదవాలంటే ఏ భాషలోనైనా కడుపులో తిప్పుతుంది. నేను చేసిన తప్పు అదొక్కటే, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడి సివిల్ రిజిస్ట్రీ (పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసు) కౌంటర్ దగ్గర కూర్చున్నాను. అవతల యాభై దాటిన ఆవిడ. ముక్కు మీద కళ్లజోడు, పక్కన సగం తాగిన కాఫీ. మూడో పేజీ దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. పక్క టేబుల్ ఆయన్ని పిలిచి, వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా చదివింది: "మాత్రిమోనియో ఎబితాబ్లే."

ఇంగ్లీషులో ఉన్న మాట 'వాయిడబుల్', అంటే కోర్టుకెళ్తే రద్దు చేయించుకోగలిగినది. మా అనువాదకుడు దాన్ని 'అవాయిడబుల్' అనుకున్నట్టున్నాడు. అంటే నా పెళ్లి 'తప్పించుకోగలిగిన పెళ్లి' అయింది. ఆవిడ నా వైపు చూసి, "అన్నీ అంతే తల్లీ, అన్నీ అంతే" అంది. ఇద్దరూ నవ్వారు. వెనక క్యూలో ఎవరో కూడా నవ్వారు.

ఇంకో పేజీ తిప్పింది. 'నల్ అండ్ వాయిడ్' (చెల్లదు) ఉన్నచోట 'నులో ఇ బాథీయో' అని ఉంది. బాథీయో అంటే ఖాళీ. ఖాళీ సీసా, ఖాళీ గది, ఖాళీ పెళ్లి. మరోచోట 'ఇన్‌బాలిదో'. ఆ మాట మనిషికి వాడితే వికలాంగుడని అర్థం. ఇంకా కిందికి వెళ్తే 'కాన్థెలాదో', అంటే క్యాన్సిల్. ఒకే పెళ్లికి ఇన్ని జబ్బులు.

చివరికి ఆవిడ సూటిగా అడిగింది. "మీరు సోల్తేరానా, దిబోర్థియాదానా?" అంటే అవివాహితా, విడాకులు తీసుకున్నారా అని. నాకు అప్పటికి చెవులు వేడెక్కిపోయాయి. విడాకులు కాదు, పెళ్లే రద్దయింది అని చెప్పాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం "సోయ్ నులా."

స్పానిష్‌లో ఆ మాటకి 'నేనెందుకూ పనికిరాను' అని అర్థం. అచ్చం మన 'చెల్లని కాసు'. ఈసారి ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా బాధ. ఆవిడ కాగితాలు సర్ది నా వైపు జరిపి, వీటికి ప్రమాణ అనువాదకుల ముద్ర లేదు, హైదరాబాద్ ముద్ర మాకు పనికిరాదు అంది. రెండోసారి వెళ్లినది ఆ ముద్ర వేయించుకునే దారేమన్నా ఉందేమోనని అడగడానికే. లేదన్నారు. ఏజెన్సీవాడికి మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు ఇంతవరకూ లేదు.

ఇక్కడ విదేశాంగ శాఖ నియమించే ప్రమాణ అనువాదకులు ఉంటారు, జాబితా ఆ శాఖ వెబ్‌సైట్లోనే ఉంటుంది. అందులోంచి ఒకావిడను పట్టుకున్నాను. ఆవిడ ముందు డబ్బు మాట ఎత్తలేదు, పెన్సిల్ తీసి ఇంగ్లీషు డిక్రీలో 'వాయిడ్' కనిపించిన ప్రతిచోటా గీత గీసింది. తర్వాత ఒక్కోటీ విప్పి చెప్పింది.

'నులో' అంటే మొదటి రోజు నుంచీ లేనట్టే లెక్క. 'అనులాబ్లే' అంటే ఎవరూ ప్రశ్నించనంతకాలం నిలబడే ఉంటుంది, దెబ్బతిన్నవాళ్లు కోర్టుకెళ్తే పడిపోతుంది. మన చట్టంలో 11వ సెక్షన్ మొదటి రకం, నాది రెండో రకం. కాబట్టి 'వాయిడబుల్' దగ్గర అనులాబ్లే, కోర్టు పెళ్లిని రద్దు చేసిన వాక్యంలో 'పెళ్లి నులిదాద్ (చెల్లకపోవడం) ప్రకటించడమైనది'. 'నల్ అండ్ వాయిడ్' ఇంగ్లీషు లాయర్ల జంటపదం, మన పెట్టేబేడా, గొడ్డూగోదా లాగ. రెండు ముక్కల్నీ విడివిడిగా అనువదించకూడదట. 'నులో, ఏ ప్రభావమూ లేనిది' అంటే సరిపోతుంది. అవతలివాళ్ల వాదన 'డివాయిడ్ ఆఫ్ మెరిట్స్' అన్నచోట అసలు నులోకి పనే లేదు, 'ఆధారం లేనిది' అని రాస్తే చాలు.

సంగతి ఒకటే అయినా దేశాన్నీ సందర్భాన్నీ బట్టి లెక్క మారిపోతుందని కూడా చెప్పింది. మైనరు చేసిన ఒప్పందం మన దగ్గర 1903 ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు) తీర్పు నుంచీ పూర్తిగా చెల్లదు. స్పెయిన్‌లో అది అనులాబ్లే కిందికి వస్తుంది. ఉద్యోగంలోంచి తీసేయడం 'నులో' అని కోర్టు అంటే కంపెనీ మళ్లీ చేర్చుకోవాలి. 'ఇంప్రొథెదెంతే' (సరైన కారణం లేకుండా తీసేయడం) అంటే మామూలుగా పరిహారం ఇచ్చి పంపేయొచ్చు. నేను నోరు తెరుచుకుని విన్నాను. నోటు చెల్లదు, ఓటు చెల్లదు, పెళ్లి చెల్లదు, మనం ఒక్క మాటతో బతికేస్తున్నాం కదా అనిపించింది.

ఎవరికైనా అవసరపడితే: అపోస్టిల్ ముందు, అనువాదం తర్వాత. అపోస్టిల్ కాగితం కూడా అనువాదంలోకి రావాలి. ఇండియాలో అనువాదం చేయించి డబ్బు తగలేయకండి. అనువాదకులకి మీ కేసు ఏ సెక్షన్ కిందో, అది విడాకులో కాదో నోటితో చెప్పండి. ఎంత ఏడుపొచ్చినా పేజీలన్నీ చదవండి. ఇంక ఆ ఏజెన్సీ పేరు అడగకండి, చెబితే వాడు నామీద కేసు వేస్తాడు.

ఇవాళ అదే ఆవిడ, అదే కాఫీ కప్పు. ఈసారి మూడో పేజీ దగ్గర ఆగలేదు. నులిదాద్ అన్న మాట దగ్గర తల ఊపి, ఫారంలో సోల్తేరా గడిలో తనే టిక్ పెట్టింది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఇక్కడి కాగితాల్లో నేను విడాకులు తీసుకున్నదాన్ని కాదు, అవివాహితను అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అంటే ఆ పెళ్లే జరగలేదన్నట్టా? మరి ఆరొందల విస్తళ్లు లేచాయే, క్యాటరింగ్ అతనికి మీ నాన్న కట్టిన డబ్బో?"